‘గెట్’కి స్పానిష్‌లో ఏం వాడాలి? ముందు తెలుగులో ఏమంటామో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ప్రాజెక్టు మీద మెక్సికోలోని గ్వాదలహారాకి వెళ్లాలి, ఆరు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నారు. ‘ఐ గాట్ నెర్వస్’, ‘ఐ గాట్ హోమ్ లేట్’, ‘ఐ గాట్ ఎ న్యూ ఫోన్’ అనే మూడు వాక్యాలకీ డిక్షనరీలో మొదట కనిపించిన ‘ఒబ్తెనేర్’ పెట్టి రాస్తే టీచరు మూడూ కొట్టేశారు. ‘గెట్’కి అసలు స్పానిష్ మాట ఏది, ఎన్ని అర్థాలుంటే అన్నిటికీ లిస్టు ఇవ్వండి అన్నారు.

లిస్టులు చాలామంది ఇస్తారు. నేను పదమూడేళ్లుగా ఈ భాషతోనే పని చేస్తున్నాను, మొదట హైదరాబాద్‌లో నైట్ షిఫ్టు కస్టమర్ సపోర్టు, తర్వాత అనువాదం, ఇప్పుడు కొత్తవాళ్లకి పాఠాలు. ఇన్నేళ్లలో లిస్టు బట్టీపట్టి ‘గెట్’ని దాటినవాళ్లని నేను చూడలేదు. దాటినవాళ్లందరూ ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టి, అదే సంగతి ఇంట్లో తెలుగులో ఎలా చెప్తామో ఒక్కసారి అనుకుని, అక్కణ్ణుంచి స్పానిష్‌లోకి వెళ్లినవాళ్లే. ఎందుకంటే ‘గెట్’ అనే మూట తెలుగులో ఎప్పుడో విప్పేసి ఉంది. ఆ మూడు వాక్యాలే తీసుకోండి. టెన్షన్ వచ్చింది, ఇంటికి లేటుగా చేరాను, కొత్త ఫోన్ కొనుక్కున్నాను. మూడు వేరే వేరే క్రియలు. స్పానిష్‌లోనూ మూడు వేరే క్రియలే: ‘మె పూసె నెర్బియోసొ’ (మీరు అమ్మాయైతే చివర ‘నెర్బియోసా’), ‘యెగే తార్దె ఆ కాసా’, ‘మె కొంప్రే ఉన్ సెలులార్ నుయేబొ’.

నేను రాసే ఉచ్చారణ మెక్సికోది, మీరు వెళ్లేది అక్కడికే కాబట్టి. స్పానిష్‌లో ట, డ లు లేవు, అన్నీ మన త, ద లే, నాలుక పళ్లకి తగలాలి. నేను ‘ఖ’ అని రాసినచోట గొంతులోంచి గరగరగా వచ్చే ‘హ’ అనుకోండి. బ, వ లకి తేడా లేదు, రెండూ ‘బ’ కిందే లెక్క.

ముందు ‘ఒబ్తెనేర్’ సంగతి తేల్చేద్దాం. అది తప్పు మాట కాదు. మన ‘పొందు’ ఎలాంటిదో అదీ అలాంటిది. పట్టా పొందాడు, అనుమతి పొందాడు, ఫలితాలు పొందారు. పేపర్లో చదువుతాం, దరఖాస్తులో రాస్తాం. ఇంట్లో ఎవరైనా ‘పొద్దున్నే పాల ప్యాకెట్ పొందాను’ అంటారా? మీరు రాసిన ‘ఒబ్తెనేర్’ వాక్యాలు మీ టీచరుకి సరిగ్గా అలా వినపడ్డాయి. వీసా విషయంలో, డిగ్రీ విషయంలో నిశ్చింతగా వాడండి, మిగతా చోట్ల చెయ్యి వెనక్కి తీసుకోండి.

రోజువారీ మాటల్లో, కాస్త కష్టపడి తెచ్చుకున్నదానికి ‘కొన్సెగీర్’ వాడతారు. అందులో ‘సెగీర్’ ఉంది చూశారా, అంటే వెంట వెళ్లడం. వెంటపడి సాధించుకోవడం అన్నమాట. తెలుగులో ‘సంపాదించాను’, ‘ఎలాగో పట్టాను’ అనే చోట ఇది సరిపోతుంది. ‘టికెట్లు ఎలాగో సంపాదించాను’ అంటే ‘కొన్సెగీ బొలేతొస్’. ఉద్యోగానికీ ఇదే, ‘కొన్సెగీ త్రబాఖొ’. మనం ‘ఉద్యోగం దొరికింది’ అన్నట్టుగా చెప్పాలంటే ‘ఎంకొంత్రే త్రబాఖొ’ అని కూడా అంటారు, ఆ క్రియకి అసలు అర్థం వెతికి కనుక్కోవడం.

ఇక వచ్చిపడేవి. ‘ఐ గాట్ ఎ మెయిల్’ అని ఇంగ్లీషువాడు తనని ముందు పెట్టుకుంటాడు. మనం ‘నాకు మెయిల్ వచ్చింది’ అంటాం. స్పానిష్ వాళ్లూ ‘మె యెగో ఉన్ కొర్రేయొ’ అంటారు, మాటకి మాట ‘నాకు చేరింది ఒక మెయిల్’. ఆ ‘మె’ మన ‘నాకు’. ‘రెసిబీ ఉన్ కొర్రేయొ’ అన్నా తప్పు లేదు, కానీ అది ‘మెయిల్ అందుకున్నాను’లా కొంచెం ఆఫీసు వాసన వేస్తుంది. స్పెయిన్‌లో డిసెంబర్ 22న క్రిస్మస్ లాటరీ డ్రా తీస్తారు, 1812 నుంచి ఉన్న సంప్రదాయం. దాంట్లో నంబరు వచ్చినవాళ్లు ‘మె తొకో లా లొతెరీయా’ అంటారు. ‘తొకార్’ అంటే తగలడం, తాకడం. లాటరీ తగిలింది! మా అమ్మమ్మ అనే మాట అదే. మెక్సికోలో మాత్రం లాటరీకి ‘మె సకే’ అంటారు, బయటికి లాగాను అని. పరీక్షలో మార్కులకీ ఆ ‘సకార్’ క్రియే.

ఈ పోలిక నాకు ఎక్కడ తట్టిందో చెప్తాను. 2011లో, నేను కాల్స్ తీసుకోవడం మొదలుపెట్టిన రెండో నెల. మెక్సికో నుంచి ఒక పెద్దావిడ, ఇంటర్నెట్ రావట్లేదని ఫోన్. ఏమైందని అడిగితే ‘సె ఫ్వే లా లూస్, ఖోబెన్’ అంది. ‘ఖోబెన్’ అంటే మన ‘బాబూ’ లాంటి పిలుపు. ‘లూస్’ అంటే వెలుగు అని నాకు తెలుసు, ‘సె ఫ్వే’ అంటే వెళ్లిపోయింది. నేను తలలో దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని, రూటర్ మీద లైటు ఆరిపోయిందేమో అనుకుని, రూటర్ లైట్లు చూడమని మూడుసార్లు అడిగాను. ఆవిడ పాపం విసుక్కోలేదు. ‘లేదు బాబూ, ఇంట్లో లూస్, వీధి మొత్తం’ అంది. అప్పుడు వెలిగింది. కరెంటు పోయింది! వేసవిలో మా ఊళ్లో రోజుకి నాలుగుసార్లు వినే మాట. వెళ్లిపోయింది, పోయింది, అదే క్రియ. ఇంగ్లీషు గుండా వెళ్లకపోతే మొదటి సెకనులోనే అర్థమయ్యేది. ఆ రాత్రి షిఫ్టు అయ్యాక క్యాబ్‌లో కూర్చుని, తెలుగులో నేను ‘నాకు’తో మొదలుపెట్టే మాటలన్నీ ఒక కాగితం మీద రాశాను. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

దాంట్లో మొదటి వరస ఒంటికీ మనసుకీ వచ్చేవి. ఇంగ్లీషులో గాట్ హంగ్రీ, గాట్ స్కేర్డ్, గాట్ కోల్డ్, గాట్ స్లీపీ. మనకి ఆకలేసింది, భయమేసింది, చలేసింది, నిద్రొచ్చింది. ఎవరికి? నాకు. స్పానిష్‌లో ‘మె దియో ఆంబ్రె’, ‘మె దియో మియేదొ’, ‘మె దియో ఫ్రీయొ’, ‘మె దియో స్వేన్యొ’. ‘దియో’ అంటే ఇచ్చింది. మనం ‘వేసింది’ అనే చోట వాళ్లు ‘ఇచ్చింది’ అంటారు, మిగతా కట్టు అంతా ఒక్కటే. ఇది పట్టుకుంటే ఒక పెద్ద ప్రమాదం కూడా తప్పుతుంది. సిగ్గేసింది అని చెప్పాలనుకుని, ఇంగ్లీషు ‘ఎంబరాస్డ్’కి దగ్గరగా ఉందని ‘ఎంబరసాదా’ అనేవాళ్లున్నారు. దానికి అర్థం గర్భవతి. నా క్లాసులో ఒకమ్మాయి తన మొదటి ఇంటర్వ్యూలో అలాగే అంది, బయటికొచ్చాక ఏడ్చింది. ‘నాకు సిగ్గేసింది’ నుంచి బయల్దేరితే ‘మె దియో బెర్గ్వేన్సా’ దానంతట అదే వస్తుంది. మెక్సికోలో ఇంకా మామూలుగా ‘మె దియో పేనా’ అంటారు. స్పెయిన్‌లో ఆ ‘పేనా’ అంటే జాలి, బాధ. మీకు మెక్సికో అర్థం ముఖ్యం. కోపానికి కూడా అక్కడ ‘మె దియో కొరాఖె’ అనడం ఉంది, ‘మె ఎనొఖే’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది.

రెండో వరస ఇంకా బాగుంటుంది. మన ‘కొను’, అంటే చేసుకున్నాను, వేసుకున్నాను లాంటి మాటల్లో క్రియకి చివర తగిలేది. కొన్నాను అనేది ఒకటి, కొనుక్కున్నాను అనేది ఇంకొకటి. రెండో దాంట్లో నా కోసం అనే అర్థం లోపల ఉంది. స్పానిష్‌లో ‘కొంప్రే’ అంటే కొన్నాను, ‘మె కొంప్రే’ అంటే కొనుక్కున్నాను. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు ఈ ‘మె, తె, సె’ (నాకు, నీకు, తనకి) చూసి బెదిరిపోతారు. ఇంగ్లీషులో దీనికి చోటు లేదు మరి, అందుకే అక్కడ ‘గెట్’ వచ్చి కూర్చుంటుంది. గెట్ మ్యారీడ్ అంటే పెళ్లి చేసుకోవడం, ‘కసార్సె’. గెట్ డ్రెస్డ్ అంటే బట్టలు వేసుకోవడం, ‘బెస్తీర్సె’. గెట్ రిడ్ ఆఫ్ అంటే వదిలించుకోవడం, ‘దెసాసేర్సె దె’. గెట్ ఎ హెయిర్‌కట్ అంటే కటింగ్ చేయించుకోవడం, ‘కొర్తార్సె ఎల్ పేలొ’. ఈ చివరిదాంట్లో ఒక తేడా చూడండి, మనం కత్తిరించుకున్నాడా చేయించుకున్నాడా అని విడదీస్తాం, వాళ్లు విడదీయరు, మంగలి షాపుకి వెళ్లొచ్చినా ‘మె కొర్తే ఎల్ పేలొ’నే. పెళ్లికి ఇంకో జాగ్రత్త: ‘సె కసో కొన్’, అంటే ఫలానావాళ్లతో. మనలా ‘ఆమెని చేసుకున్నాడు’ అని రాయకూడదు.

ప్రతి ‘కొను’కీ ‘సె’ వస్తుందని మాత్రం అనుకోవద్దు. నేర్చుకున్నాను అనేది ఉత్త ‘అప్రెందీ’, అనుకున్నాను అనేది ఉత్త ‘పెన్సే’. అటువైపు లేచాను అంటే మనకి ‘కొను’ లేదు, వాళ్లకి ‘మె లెబంతే’ అని ఉంది. పదిలో ఏడు కలుస్తాయి, మూడు విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లీషు నుంచి వెళ్తే పదీ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

మూడోది, ఎవరు చేశారో చెప్పకుండా చెప్పడం. ‘ఐ గాట్ ఫైర్డ్’, ‘మై ఫోన్ గాట్ స్టోలెన్’. వీటికి పాసివ్ వాయిస్ వెతకొద్దు. నన్ను తీసేశారు, నా ఫోన్ కొట్టేశారు. ఎవరు? తెలీదు, ఎవరో. మనం ‘వాళ్లు’ అని కూడా అనం, క్రియ చివర ‘ఆరు’తో సరిపెడతాం. స్పానిష్‌లో ‘మె దెస్పిదియేరొన్’, ‘మె రొబారొన్ ఎల్ సెలులార్’. ఆ చివరి ‘రొన్’ మన ‘ఆరు’. మీ ఫోన్ వాక్యం కూడా ఇక్కడికి రావచ్చు. మీరే కొనుక్కుంటే ‘మె కొంప్రే’, ఎవరో బహుమతిగా ఇస్తే ‘మె రెగలారొన్’, ఆఫీసు వాళ్లు ఇస్తే ‘మె దియేరొన్’. ఇంగ్లీషులో మూడు సందర్భాలకీ ‘గాట్’ ఒక్కటే, వినేవాడు ఊహించుకోవాలి. జీతం వచ్చింది అనడానికీ ఇదే దారి, ‘యా మె పగారొన్’, నాకు ఇచ్చేశారు అని.

ఇప్పుడు తెలుగు కూడా పెద్దగా సాయపడని చోటికి వద్దాం, మీకు నిజంగా టైము పట్టేది ఇక్కడే. ‘గెట్’ అంటే మారడం, అవడం అనే అర్థం. మనకి ‘అయ్యాడు’ ఒక్కటి చాలు. డాక్టరయ్యాడు, ఒంటరివాడయ్యాడు, మొండివాడయ్యాడు, డల్ అయ్యాడు. స్పానిష్‌లో ఇవి నాలుగు గదులు. సూత్రాలు బోలెడు చెప్తారు, నేను మాత్రం ఆ నాలుగు క్రియల అసలు అర్థాలు పట్టుకోమంటాను.

‘పొనేర్’ అంటే పెట్టడం. ‘పొనేర్సె’ అంటే మొహం మీదో ఒంటి మీదో కాసేపు పెట్టుకున్నట్టు. మొహం ఎర్రబడింది, డల్ అయ్యాడు, కంగారుపడ్డాడు. వచ్చి పోయేవి. మీ మొదటి వాక్యం ఇందుకే ‘మె పూసె’.

‘బొల్బేర్’ అంటే తిరగడం. ‘బొల్బేర్సె’ అంటే మనిషి ఇంకో వైపు తిరిగిపోయినట్టు, స్వభావమే మారినట్టు. ‘సె బొల్బియో లోకొ’ అంటే పిచ్చివాడైపోయాడు, ‘సె బొల్బియో ఎగొయీస్తా’ అంటే స్వార్థపరుడైపోయాడు. పూర్వం ఇలా ఉండేవాడు కాదే అని మనం నిట్టూర్చే సందర్భాలు.

‘అసేర్’ అంటే చేయడం. ‘అసేర్సె’ అంటే తనని తాను అలా చేసుకోవడం. చదివి డాక్టరయ్యాడు, మాంసం మానేసి శాకాహారి అయ్యాడు. దానంతట అది నెమ్మదిగా అయ్యేవాటికీ ఇదే వాడతారు: ‘సె ఈసొ తార్దె’, ఆలస్యమైంది, ‘సె ఈసొ దె నోచె’, చీకటి పడింది.

‘కెదార్’ అంటే మిగలడం, ఉండిపోవడం. ఏదో పోయాక లేదా ఏదో జరిగాక మిగిలిన స్థితి. చూపు పోయింది, ‘సె కెదో సియేగొ’. భార్య పోయింది, ‘సె కెదో బియూదొ’. డబ్బు అయిపోయింది, ‘మె కెదే సిన్ దినేరొ’, డబ్బు లేకుండా మిగిలాను. నిద్రపోయాడు అనడానికి ‘సె కెదో దొర్మీదొ’. మీ చెవికి ఇందులో మన ‘పోయి’ వినపడుతూ ఉంటుంది, చాలాచోట్ల కలుస్తుంది కూడా, కానీ పిచ్చివాడైపోయాడు దగ్గర మోసం చేస్తుంది కదా, కాబట్టి దాని మీద పూర్తిగా ఆధారపడకండి. ఏం మిగిలింది అని అడగండి, జవాబు వస్తే ‘కెదార్సె’.

ఏళ్ల తరబడి ఎదిగి ఒక స్థాయికి చేరితే ‘యెగార్ ఆ సేర్’, చేరడం అనే క్రియతోనే. చాలా మార్పులకి ఇవేవీ అక్కర్లేదు, విడిగా క్రియలున్నాయి, మనకీ ఉన్నాయి. తడిశాను ‘మె మొఖే’, అలిసిపోయాను ‘మె కన్సే’, లావెక్కాను ‘ఎంగొర్దే’, దారి తప్పాను ‘మె పెర్దీ’, జలుబు చేసింది ‘మె రెస్ఫ్రియే’. నేర్చుకునేటప్పుడు ముందు ఈ రకం పట్టండి, తేలిగ్గా వస్తాయి, వింటానికీ సహజంగా ఉంటాయి.

రాకపోకల ‘గెట్’ కష్టం కాదు. ఎక్కడం ‘సుబీర్సె’, దిగడం ‘బఖార్సె’, చేరడం ‘యెగార్’. సెంటర్‌కి ఎలా వెళ్లాలి అని అడగాలంటే ‘కోమొ యేగొ అల్ సేంత్రొ?’ గ్వాదలహారాలో సిటీ బస్సుని ‘కమియోన్’ అంటారు, పుస్తకంలో ఆ మాటకి లారీ అని ఉంటుంది, తికమకపడకండి. ఇంకొకటి తప్పనిసరిగా చెప్పాలి. స్పెయిన్ పుస్తకాల్లో బస్సు పట్టుకోవడానికి ‘కొఖేర్’ అని ఉంటుంది, స్పెయిన్‌లో రోజూ అనే మాటే. మెక్సికోలో అది బూతు. అక్కడ ‘తొమార్’ అనండి. ఈ ఒక్కటీ నోటికి అలవాటు కాకముందే మార్చుకోండి, తర్వాత మార్చడం కష్టం.

అర్థమవడం అనే ‘గెట్’కి ‘ఎంతెందేర్’ చాలు. ఆలస్యంగా తట్టినప్పుడు ‘యా కాయిగొ’ అంటారు, ఇప్పుడు పడుతున్నాను అని. ఆ పడడం అనే క్రియ ఇంకోచోట నాకు భలే నచ్చుతుంది. గెట్ అలాంగ్ అంటే మనం ఏమంటాం? వాడికీ నాకూ పడదు. వాళ్లు ‘మె కాయె మాల్’ అంటారు, నాకు చెడుగా పడతాడు అని. మంచివాడనిపిస్తే ‘మె కాయె బియెన్’. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూసింది లేదు, అయినా మనుషుల మధ్య కుదరకపోవడాన్ని రెండూ పడడంతోనే చెప్పాయి. గెట్ బై అంటే సర్దుకుపోవడం, ‘అర్రెగ్లార్సెలాస్’, లోపల ఉన్న ‘అర్రెగ్లార్’ అంటే సర్దడమే.

మనం ఒక్క మాటలో తేల్చేసి వాళ్లు సాగదీసే చోటు ఒకటుంది. గెట్ సమ్‌బడీ టు కమ్, అంటే రప్పించడం. తినిపించాను, రప్పించాను, ఒప్పించాను అని మనకి క్రియలోనే ఉంది. స్పానిష్‌లో ‘లొగ్రే కె బినియేరా’ అనాలి, అతను వచ్చేలా సాధించాను అని, ‘కె’ తర్వాత సబ్‌జంక్టివ్ రావాలి, అంటే కోరిక, సందేహం లాంటివి చెప్పేటప్పుడు వాడే వేరే క్రియారూపం. అది మీకు ఇంకా రాలేదు కదా, కంగారు వద్దు. పని చేయించడానికైతే సులువు: కారు బాగుచేయించాను, ‘మందే అర్రెగ్లార్ ఎల్ కార్రొ’.

‘ఐ హావ్ గాట్ టు గో’ రకానికి ‘తేంగొ కె ఈర్’, నేను వెళ్లాలి. ఎవరు అని లేకుండా ఊరికే వెళ్లాలి అంటే ‘ఆయ్ కె ఈర్’.

చేయాల్సింది చెప్తాను. డిక్షనరీలో ‘గెట్’ పేజీ మూసేయండి. రోజుకి ఐదు ‘గెట్’ వాక్యాలు, మీ ఆఫీసు మెయిల్స్‌లోంచే తీసుకోండి. నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి, ఎడమ ఇంగ్లీషు, మధ్యలో మీ అమ్మగారితో ఫోన్లో చెప్పినట్టు తెలుగు, కుడివైపు స్పానిష్. మధ్య గడి నిండకుండా కుడి గడి ముట్టుకోవద్దు. తెలుగు గడిలో కూడా ‘అప్రూవల్ గెట్ అయ్యింది’ అని రాస్తే పని జరగదు, ‘మేనేజర్ ఓకే చేశారు’ అనే దాకా దాన్ని విప్పండి. అలా ఓ వారం రాశాక ఆ వాక్యాలు ఇక్కడే పెట్టండి, కుడి గడిలో ఎక్కడ తప్పిందో చూసి చెప్తాను, ముఖ్యంగా ఆ నాలుగు ‘అయ్యాడు’లు.